ఎర్ర కారు, ఐదో ప్రశ్న

"సుశీల్ కుమార్ అంటే ఎవరు?"

బుధవారం పొద్దున పదకొండింటికి, గూడూరులో మా బ్యాటరీల షాపు ముందు ఆటో దిగి ఒక అమ్మాయి అడిగిన మాట అది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, బూట్ల నిండా బురద, చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు. మనిషి మాత్రం నిప్పు మీద ఉంది.

"నేనేనండీ. రండి, కూర్చోండి. ఏ బండికి కావాలి?"

"నాకు బ్యాటరీ వద్దు. ఆరు రోజుల కింద మీ మాట విని కొత్త బ్యాటరీ వేయించుకున్నా. నిన్న మల్లాం దగ్గర మళ్ళీ ఆగిపోయింది. గంటన్నర వానలో నిలబడ్డా."

"ఓ! ఎర్ర కారు నవోమి గారా మీరు?"

అంటూ నవ్వినాను. నవ్వకుండా ఉండాల్సింది.

"నవ్వండి, నవ్వండి. ఒక్క మాట చెప్పండి. నేను గ్రూపులో రాసింది మొత్తం చదివినారా?"

"చదివినానండీ."

"ఐదో ప్రశ్నకి నేనేం రాసినా?"

నేను గోడ మీద క్యాలెండరు చూసినాను. తర్వాత ఫ్యాను చూసినాను. రెండింటి మీదా జవాబు లేదు.

"చదవలేదు" అంది ఆమె, నా తరఫున తనే చెప్పేసి.

ఇక్కడ మా గ్రూపు సంగతి చెప్పాలి. పేరు 'గూడూరు కార్ల కష్టసుఖాలు'. ఫోనులో రెండు వందల మందిమి ఉన్నాం. మాట్లాడేది ముప్పై మంది, మిగతా వాళ్ళు నోరు విప్పకుండా చదువుకుంటారు. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టి రిటైరైన హజరత్తయ్య గారు మా అడ్మిన్. 'సముద్రం పక్క ఊళ్ళలో హ్యాండ్ బ్రేకు వేసి వారం రోజులు వదిలేయబాకండి, ఉప్పు గాలికి పట్టేస్తుంది, గేర్లో పెట్టి చక్రం కింద రాయి పెట్టండి.' 'బీచికి పోయొస్తే ముందు కారు కింది భాగం కడగండి, తర్వాత మీ కాళ్ళు.' ఇట్టాంటివి ఆయన దగ్గర బోలెడు.

గ్రూపుకి ఒక రూలుంది. సమస్య పెట్టేవాళ్ళు ఐదు ప్రశ్నలకి జవాబు రాయాలి. ఏ బండి? ఎంత తిరిగింది? యాడ ఆగింది? ఎట్టా ఆగింది? దానికి ముందు ఏం చేసినారు? బాగైనాక 'సమస్య తీరింది' అని రాయాలి. అది కూడా సమస్య ఎవరిదో వాళ్ళే రాయాలి. వేరేవాళ్ళు రాస్తే హజరత్తయ్య గారు ఊరుకోరు.

ఆ గ్రూపులో నాకు మంచి పేరే ఉంది. కాకపోతే మా నాన్నది బ్యాటరీల షాపు, నేను కూర్చునేది ఆ షాపులో. ఎవరి బండి ఆగినా నా కంటికి ముందు బ్యాటరీయే కనిపిస్తుంది. 'సుశీలుకి జలుబు చేసినా బ్యాటరీ మార్చుకుంటాడు' అని ట్యాక్సీ ముఖేష్ నన్ను ఏడిపిస్తుంటాడు. వాడి మాటకి కోపం వచ్చేది. ఆ బుధవారం మాత్రం నిజమే కదరా అనిపించింది.

"అయినా ఒక కారు ఆగితే ఇంత కోపమా అండీ?" అన్నాను, పరువు కొంచెమైనా దక్కుతుందేమోనని.

ఆమె కుర్చీలో కూర్చుంది. కోపం కొంచెం దిగింది. దిగినాక ఉన్నది దిగులు.

"నేను రొయ్యల చెరువుల ల్యాబులో పని చేస్తాను. చిట్టమూరు, కోట, వాకాడు, అన్ని పక్కలా చెరువులు తిరగాలి. నీళ్ళు చూడాలి, రొయ్యల్ని చూడాలి, రోగం రాకముందే రైతుకి చెప్పాలి. కారు లేకపోతే ఆ పని నాది కాదు. నెల్లూరు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చోబెడతారు."

"కూర్చుంటే నీడపట్టున ఉండొచ్చు కదండీ?"

ఆమె నా వైపు చూసిన చూపుకి ఆ మాట వెనక్కి తీసేసుకున్నాను.

"నాన్న రిటైర్డ్ హెడ్ మాస్టరు, జీవానందం గారని. అమ్మ పోయినాక ఆయనకి నేనే. నేను రోడ్డు మీద ఆగిపోయిన ప్రతిసారీ ఆయన గేటు దగ్గరే నిలబడి ఉంటాడు. నిన్న తేల్చి చెప్పేసినాడు, ఇంక చాలమ్మా అని. ఆదివారం చర్చి అయినాక కారు కొనేవాళ్ళు చూసుకోడానికి వస్తారు."

బుధవారం నుంచి ఆదివారానికి ఎన్ని రోజులో వేళ్ళ మీద లెక్కపెట్టినాను. నాకెందుకు అంత గుబులు పుట్టిందో అప్పుడు నాకు తెలియలేదు.

ఆమె పోయినాక, గ్రూపు తెరిచి ఐదో ప్రశ్నకి ఆమె రాసిన జవాబు చదివినాను. 'ఏమీ చేయలేదు. చెరువుల దగ్గరికి పోయి తిరిగి వస్తున్నా. పొద్దున పోయేటప్పుడు ఎప్పుడూ ఆగదు. వచ్చేటప్పుడే ఆగుతుంది, అదీ అన్ని రోజులూ కాదు.'

బ్యాటరీ పోయిన కారు పొద్దునే మొరాయిస్తుంది. ఈ ముక్క చదివి ఉంటే చిన్నపిల్లోడైనా బ్యాటరీ కాదని చెప్పేవాడు. నా నెత్తిన నేనే ఒకటి మొట్టుకుని గ్రూపులో రాసినాను: 'ఎర్ర కారు విషయంలో నేను చెప్పింది తప్పు. పూర్తిగా చదవకుండా చెప్పినాను. నవోమి గారికి క్షమాపణ.'

ముఖేష్ పళ్ళికిలించే బొమ్మలు ఇరవై పెట్టినాడు. హజరత్తయ్య గారు గొంతు రికార్డు చేసి పంపించినారు. "షాపులో కూర్చుని జోస్యం చెప్పబాక నాయనా. ఆ పాప కారెక్కు. బండి ఆగేటప్పుడు పక్కనుండు."

ఇంత మంచి సలహా ఆయన జన్మలో ఇచ్చి ఉండరు. నవోమి కూడా సరేనంది.

* * *

గురువారం పొద్దున ఎర్ర కారు షాపు ముందుకొచ్చింది. డోరు తీసి ఎక్కబోయినాను.

"చెప్పులు!" అంది నవోమి.

"అవునండీ, చెప్పులే."

"చెరువు బురద అంతా నా కారులోకి రాకూడదు. చెప్పులైనా బూట్లైనా వెనక ట్రేలో పెట్టి ఎక్కాలి. ఎవరైనా సరే."

రెండో రోజుకి చెప్పులకి బదులు సాక్సులతో రావాలని అప్పుడే తీర్మానం చేసుకున్నాను. నా కాళ్ళు చూపించుకోదగ్గవి కాదు.

కారు నడపడం ఆమెకి ఇష్టం. అది చూస్తేనే తెలుస్తుంది. గుంత వస్తే ముందే తెలిసినట్టు పక్కకి తప్పిస్తుంది, గేదెలు అడ్డమొస్తే హారను కొట్టకుండా ఆగుతుంది. నేను ఇంజను చప్పుడు వినడానికి ఎక్కినాను. ఆమె సన్నగా పాడుకుంటున్న పాట తప్ప ఇంకేదీ నా చెవికెక్కలేదు.

"ఏమన్నా తేడా వినపడుతుందా?" అని అడిగింది.

"లేదండీ. అంతా శ్రావ్యంగా ఉంది."

"ఇంజనా?"

"ఆఁ... ఇంజనే."

చిట్టమూరు దాటినాక చిన్నపోలయ్య అనే రైతు చెరువు దగ్గర ఆగినాం. అరవై ఏళ్ళ మనిషి, ఆమెని చూడగానే తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి నిలబడినాడు. నవోమి గట్టు మీద నుంచి వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని వాసన చూసింది. మేత ట్రే పైకి లాగి, అందులో రొయ్యల్ని ఒక్కొక్కటే వెలుతురుకి పెట్టి చూసింది. వాన తుంపర ఆమె వెంట్రుకల మీద పడుతున్నా పట్టించుకోలేదు.

"పెదనాన్నా, ఇంకా పెంచుదామని ఆశ పడబాక. పెంకు మెత్తబడుతుంది. శనివారమే పట్టించెయ్."

"నువ్వు చెప్తే పట్టించేస్తా తల్లీ" అన్నాడు ఆయన, ఇంకో మాట లేకుండా.

నా షాపుకొచ్చేవాళ్ళు నేను చెప్పింది విని, పక్క షాపులో కూడా అడిగి, అప్పుడు కొంటారు. ఒక పంట మొత్తం ఈమె ఒక్క మాట మీద పెట్టేసినాడు ఈ పెద్దాయన. ఆ గట్టు మీద నిలబడి నాకు నిజంగా గర్వంగా అనిపించింది. నాకేం సంబంధమని గర్వం? అదే నాకూ అర్థం కాలేదు.

కారు ఆ రోజు ఎక్కడా ఆగలేదు. గూడూరు దాకా బుద్ధిమంతురాలిలా వచ్చేసింది.

"ఇది కూడా మిమ్మల్ని చూసి భయపడినట్టుంది" అంది నవోమి. "రోజూ వస్తారా, పక్కన కూర్చోడానికి?"

"వస్తానండీ" అన్నాను, ఆమె మాట పూర్తి కాకముందే.

ఆమె నవ్వాపుకుంటూ డాష్ బోర్డులోంచి ఒక నోటుబుక్కు తీసి ఇచ్చింది. "ముందు ఇది చదవండి. ఈసారి మొత్తం."

శుక్రవారం షాపులో కూర్చుని అదే చదివినాను. కారు ఐదు సార్లు ఆగింది. ఐదు సార్లకీ తేదీ, టైము, ఊరు, ఎండా వానా, పెట్రోలు ఎంత ఉంది, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసుంది. ఎండలో ఆగింది, వానలో ఆగింది. నిండు ట్యాంకుతో ఆగింది, సగం ట్యాంకుతో ఆగింది. ఒక్కటీ కలవడం లేదు. విసుగు పుట్టి మూసేయబోయి, ఇంకోసారి మొదటి నుంచి చూసినాను. ఒక్కో తేదీ పక్కన ఆ రోజు ఏ చెరువులో ఏం పనో రాసుకుంది. ఐదు చోట్లా ఒకే మాట. పట్టుబడి.

వెంటనే ఫోను చేసినాను. "పట్టుబడి అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మేసే రోజే కదండీ?"

"అవును. ఏం?"

"మామూలు రోజుల్లో చేయంది ఆ రోజు మీరేం చేస్తారు?"

"ఏమీ చేయను. రొయ్య సైజు చూసి రాసుకుంటా, వచ్చేస్తా."

"బాగా ఆలోచించండి."

"ఏమీ చేయనంటున్నా కదా! మీరు పోలీసోళ్ళకన్నా ఎక్కువైనారే."

"రేపు చిన్నపోలయ్య గారి పట్టుబడికి నేనూ వస్తాను."

"సాక్సులు వేసుకుని రండి" అంది.

* * *

శనివారం చెరువు దగ్గర తిరనాళ్ళలా ఉంది. వలలు, ట్రేలు, ఐసు లారీ, కేకలు. నవోమి ఆ మధ్యలో నిలబడి రొయ్యల్ని చేతిలోకి తీసుకుని చూస్తుంటే, కొనడానికి వచ్చినవాళ్ళు కూడా ఆమె ఏమంటుందా అని చూస్తున్నారు. పంట బాగా వచ్చింది. చిన్నపోలయ్య గారి ముఖం వెలిగిపోయింది.

బయల్దేరేటప్పుడు ఆయన పరిగెత్తుకొచ్చి ఒక కవరు ఆమె చేతిలో పెట్టినాడు. నవోమి వద్దనలేదు, అడగలేదు, మామూలుగా తీసుకుని నేను కూర్చునే సీటు కిందికి తోసేసింది. నేనూ చూసినాను. చూసి ఏం లాభం? వంగినప్పుడు ఆమె చెవి జూకా ఊగడం చూస్తున్నాను నేను.

చిట్టమూరు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా వాన దంచడం మొదలుపెట్టింది. ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, ఆగిపోయింది. నవోమి కారుని మెల్లగా రోడ్డు పక్కకి దించి, స్టీరింగు మీద తల ఆనించింది.

"అయిపోయింది సుశీల్ గారూ. రేపు అమ్మేస్తారు."

సరిగ్గా అప్పుడే నా కుడికాలికి చల్లగా తగిలింది.

"నవోమి గారూ, నా సాక్సు తడిసింది."

"వాన కదా."

"వాన బయట కదా పడుతుంది!"

వంగి చూసినాను. సీటు కింద నుంచి సన్నగా నీళ్ళు కారుతున్నాయి. వేలితో అద్ది నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు!

"ఛీ, ఏంది ఆ పని?" అంది నవోమి.

"ఆ కవరులో ఏముంది?"

"రొయ్యలు. పట్టుబడి రోజు కదా, ఇస్తారు. ఐసేసి, ఇంకా చల్లగా ఉండాలని పైన గుప్పెడు కల్లుప్పు చల్లి ఇస్తారు. చెరువు దగ్గరికి వచ్చిన మనిషిని ఆ రోజు ఒట్టి చేతులతో పంపరు. వద్దంటే నొచ్చుకుంటారు."

"ప్రతి పట్టుబడికీ?"

"ప్రతిసారీ."

"ప్రతిసారీ ఈ సీటు కిందేనా?"

"అక్కడైతే ఏసీ గాలి తగులుతుందని..." అంటూ ఆగిపోయింది.

"మరి ఏమీ చేయలేదని రాసినారే?"

"అది చేయడం ఎట్టా అవుతుంది? అది మామూలే కదా!" అంది కళ్ళు పెద్దవి చేసి.

నేను సీటు వెనక్కి జరిపి కార్పెట్టు ఎత్తినాను. వెనక ట్యాంకులో ఉండే పెట్రోలు పంపుకి పోయే వైర్ల జాయింటు అక్కడే ఉంది. పచ్చగా చిలుము పట్టి, ఉప్పు నీళ్ళలో మునిగి ఉంది. అది తడిసినప్పుడల్లా పంపు ఆగిపోతుంది, పంపు ఆగితే కారు ఆగిపోతుంది. కాసేపటికి నీళ్ళు ఇంకిపోయి ఏమీ ఎరగనట్టు మళ్ళీ నడుస్తుంది.

బ్యాటరీ టెర్మినళ్ళు తుడిచే బ్రష్షు ఎప్పుడూ నా జేబులో ఉంటుంది. జన్మలో మొదటిసారి దాన్ని బ్యాటరీకి కాకుండా వేరేదానికి వాడినాను. చిలుము గీకి, పొడిగుడ్డతో తుడిచి, ఆ జాయింటుని పైకి లాగి నీళ్ళు తగలకుండా సీటు కడ్డీకి కట్టేసినాను. నవోమి పక్కనే వంగి సెల్ ఫోను లైటు పట్టుకుంది.

"ఇంతకీ ఈ రొయ్యలన్నీ ఎవరు తింటారు?" అని అడిగినాను.

"నాన్న. ఆయనకి రొయ్యల కూరంటే ప్రాణం..."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. కూతురు దారిలో ఆగిపోతుందని కారు అమ్మేస్తానంటున్న పెద్దమనిషి, ఆ కారుని ఆపుతున్న రొయ్యల్ని ప్రతిసారీ లొట్టలేసుకుంటూ తింటున్నాడు! నవోమి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నేను జన్మలో అంత అందమైన నవ్వు చూడలేదు. ఇదేదో పొగడ్త కాదు, ఉన్న మాట.

తాళం తిప్పింది. కారు స్టార్టయింది.

వాన తగ్గేదాకా అక్కడే కూర్చున్నాం. అద్దం మీద వైపరు అటూ ఇటూ కొట్టుకుంటుంది. లోపల నా గుండె కూడా అదే పనిలో ఉంది.

"నవోమి గారూ..."

"ఊఁ?"

"ఏమీ లేదండీ."

"ఇట్టా 'ఏమీ చేయలేదు' అని రాసే కదా నేను ఇన్నిసార్లు రోడ్డు మీద నిలబడింది?" అంది రోడ్డు వైపు చూస్తూనే. పెదవి చివర నవ్వుంది. "మీకేదైనా సమస్య ఉంటే గ్రూపులో పెట్టండి. ఐదు ప్రశ్నలూ రాసి."

"గ్రూపులోనా? అందరూ చదువుతారు!"

"చదవనీండి. నేనైతే మొత్తం చదువుతా. మీలాగా కాదు."

* * *

ఆదివారం మా లూథరన్ చర్చిలో పాస్టరు అయ్యగారు ఏం ప్రసంగం చేసినారో నన్నడగబాకండి. ఆరాధన అయిపోగానే ఫోను తీసినాను. నవోమి రాసింది అప్పటికే గ్రూపులో ఉంది.

'సమస్య తీరింది. కారణం: రొయ్యల కవరులోంచి కారిన ఉప్పు నీళ్ళు. చెరువుల దగ్గరికి పోయే అన్నలూ అక్కలూ, కవరుని బేసిన్లో పెట్టి డిక్కీలో పెట్టండి. కనిపెట్టింది సుశీల్ కుమార్ గారు.'

మెచ్చుకుంటూ ఎనభై మంది. కానీ కారు అమ్ముతున్నారో లేదో అందులో లేదు. కొనేవాళ్ళు వచ్చే టైము అదే. మనసు ఒక చోట నిలబడలేదు. ఏమైతే అదవుతుందని చర్చి ప్రహరీ పక్కన నిలబడి రాసేసినాను.

'ఏ బండి: సుశీల్ కుమార్. ఇరవై తొమ్మిదేళ్ళ మోడలు. ఒకే ఓనరు, మా అమ్మ.

ఎంత తిరిగింది: గూడూరు నుంచి చిట్టమూరుకి రెండుసార్లు. ఇంకా తిరగాలని ఉంది.

యాడ ఆగింది: ఒక చెరువు గట్టు మీద.

ఎట్టా ఆగింది: ఒక మనిషి దోసిట్లో నీళ్ళు తీసుకుని చూస్తుంటే, చూస్తూ ఆగిపోయింది. మళ్ళీ స్టార్టవలేదు.'

ఐదోది ఏం రాయాలో తెలియలేదు. అట్టానే పంపించేసినాను.

"బ్యాటరీ మార్చు" అని ముఖేష్ ఒక్క సెకనులో రాసినాడు.

"నాయనా, ఇది నా సర్వీసులో ఎప్పుడూ చూడని రిపేరు" అన్నారు హజరత్తయ్య గారు.

ఆ తర్వాత, ఇన్నాళ్ళూ ఒక్క అక్షరం రాయని నంబరు నుంచి ఒక మెసేజీ వచ్చింది.

'నేను రెండేళ్ళుగా ఈ గ్రూపు చదువుతున్నాను. మా అమ్మాయిని ఇందులో చేర్పించింది నేనే. బాబూ, ఐదో ప్రశ్న ఖాళీగా వదిలినావు. ఖాళీ వదిలితే నేను ఎవరికీ మార్కులు వేయలేదు. ఎన్. జీవానందం, రిటైర్డ్ హెడ్ మాస్టరు.'

ముఖేష్ కూడా నోరు మూసుకున్నాడంటే చూసుకోండి. గబగబా రాసినాను.

'దానికి ముందు నేను చేసింది తప్పు సార్. ఆమె రాసింది చదవకుండా, అంతా నాకే తెలుసనుకున్నాను. ఆమె చెప్పేది విననివాణ్ణి. ఇక మీదట ఆమె చెప్పే ప్రతి మాటా వినాలని ఉంది. ఆమె చెరువు గట్టు మీదే ఉండాలి సార్. కారు అమ్మబాకండి.'

అవతల రాస్తున్నట్టు చూపిస్తుంది, ఆగుతుంది, మళ్ళీ రాస్తున్నట్టు చూపిస్తుంది. ఆ రెండు నిమిషాల్లో నాకు రెండేళ్ళ వయసు పెరిగింది.

'కొనడానికి వచ్చినవాళ్ళని పంపించేసినాను. మీరు ఏ సంఘం?'

'లూథరన్ సార్.'

'మేం బాప్టిస్టులం. రొయ్యల కూర రెండు సంఘాలూ తింటాయి. సాయంత్రం ఐదింటికి మీ అమ్మానాన్నల్ని తీసుకుని రా.'

నేను ఇంకా ఆ మాటే మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాను. ఇంతలో నవోమి రాసింది.

'సమస్య తీరింది.'

హజరత్తయ్య గారు ఊరుకుంటారా? 'అమ్మా, రూలు మర్చిపోయినావా? సమస్య ఎవరిదో వాళ్ళే రాయాలి.'

నవోమి జవాబు వెంటనే వచ్చింది.

'ఈ సమస్య నాది కూడా సార్. గురువారం నుంచి.'